మా ఆయన కొరింథు చూపించాడు

మా ఆయన జ్ఞానరాజు నన్ను కొరింథు తీసుకెళ్ళాడు. ఆ మాట ఎవరితో అన్నా "ఎంత అదృష్టం మణీ" అంటారు. మా డయాలసిస్ యూనిట్‌లో నస్రీన్ ఇప్పటికీ ఫొటోలు చూపించమంటుంది. చూపించను. మూడు తప్ప అన్నీ ఫోన్‌లోంచి తీసేశాను. ఆ మూడూ మా అమ్మాయి ఏంజెల్ తీసినవి.

రెండేళ్ళ క్రితం సంగతి. రంజాన్ నెల మొదలైన రోజులు. మేం అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా పేటలో రెండు గదుల ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అప్పటికి పదకొండేళ్ళుగా నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. ఆయన ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో ఫైళ్ళు, కాయితాలు చూసే డాక్యుమెంట్ కంట్రోలర్. నా ఇకామా ఆసుపత్రి ఇచ్చింది. ఏంజెల్ ఇకామా వాళ్ళ నాన్న పేరు మీద ఉండేది. ఇకామా అంటే ఈ అరబ్బు దేశంలో మనల్ని ఉండనిచ్చే కార్డు. అది ఎవరి పేరు మీద ఉంటే మన రాకపోకలు వాళ్ళ చేతిలో ఉంటాయి. ఫోన్‌లో నాలుగు మీటలు నొక్కితే చాలు. ఆ సంగతి గురించి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు.

ఏంజెల్ పదో తరగతి పరీక్షలు అప్పుడే అయ్యాయి. ఇక్కడి ఇండియన్ స్కూల్లో పదకొండులో చరిత్ర, సైకాలజీ ఉన్న గ్రూపు తీసుకుంటానంది. ఆయన ఫారం తీసుకుని చదివి, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు. ఇంజనీరింగ్ తప్ప చదువే లేదనుకునే మనిషి. గొడవ చేస్తాడని రెండు రోజులుగా నేను మాటలు కూడగట్టుకుంటున్నాను. ఆ మాటలు ఖర్చు కానందుకు ఎంత తేలిక పడ్డానో చెప్పలేను. మనిషి మారాడనుకున్నాను.

తర్వాత వారం భోజనాల దగ్గర అన్నాడు, "రంజాన్ సెలవులకి గ్రీసు వెళ్దామా?"

నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. పదకొండేళ్ళలో ఆయన మమ్మల్ని తీసుకెళ్ళింది వంతెన దాటి బహ్రెయిన్‌కి, అదీ రెండుసార్లు.

"గ్రీసులో ఎక్కడికి డాడీ?" అంది ఏంజెల్.

"ఏథెన్స్. అక్కణ్ణించి కొరింథు. మీ అమ్మ ఎన్నేళ్ళ నుంచి అంటోంది."

నిజమే. మా నాన్న బాపట్ల దగ్గర చిన్న గుళ్ళో వాక్యం చెప్పేవాడు. గోడకి ఒక పాత మ్యాపు వేలాడుతుండేది, పౌలు భక్తుడు తిరిగిన ఊళ్ళన్నీ చుక్కల గీతలతో. ఆదివారం పిల్లలందరం దాని ముందు కూర్చునేవాళ్ళం. కర్ర ఇచ్చి ఊరి పేరు చెప్పి చూపించమనేవాడు నాన్న. నాకెప్పుడూ కొరింథే వచ్చేది. రెండు సముద్రాల మధ్య సన్నటి నేల. కర్ర కొన సరిగ్గా అక్కడ పెట్టడం నాకొక్కదానికే చేతనయ్యేది. పెళ్ళైన కొత్తలో ఈ సంగతి ఆయనకి చెప్పాను. ఆయన గుర్తుపెట్టుకున్నాడు. నా కోపమంతా అక్కడే ఉంది. మర్చిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

ప్లానంతా ఆయనే వేశాడు. గ్రీసులో ఆరు రోజులు. అక్కణ్ణించి ఆయన వెనక్కి ఖోబర్ వచ్చేస్తాడు. నేను, ఏంజెల్ హైదరాబాద్ మీదుగా బాపట్లలో మా చెల్లెలింటికి వెళ్ళి నెల రోజులుండి వస్తాం. "ఉన్న లీవంతా పెట్టేయ్. ఎగ్జిట్ రీ ఎంట్రీ రెండు నెలలకి తీయించుకో. మళ్ళీ మళ్ళీ వెళ్తామా" అన్నాడు. ఆసుపత్రి వాళ్ళు నాకు వెళ్ళి తిరిగి వచ్చే వీసా ఇచ్చారు. ఏంజెల్‌ది ఆయనే ఫోన్‌లో తీశాడు.

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో పాస్‌పోర్టులన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. కౌంటర్ దగ్గర ఏంజెల్‌ని పక్కన నిలబెట్టుకుని వంగి ఏదో మాట్లాడాడు. నన్ను వెనకే ఉండమన్నాడు. ఆఫీసరు ఏదో అడిగాడు, ఈయన అవునంటూ "ఐవా, ఐవా" అన్నాడు. నేను ఎడంచేత్తో బ్యాగు పట్టుకుని ఏథెన్స్‌లో చలికి శాలువా సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను. ఆడది తన కూతురి జీవితం మీద స్టాంపు పడుతున్నప్పుడు శాలువా గురించి ఆలోచించింది. అది నేనే.

*

కొరింథు అంటే ఇప్పుడున్న ఊరు వేరు, పాత ఊరు వేరు. ఏథెన్స్ నుంచి బస్సు. దారిలో కాలువ వచ్చింది. సన్నటి నేలను నిలువునా కోసి రెండు సముద్రాలని కలిపారు. వంతెన మీద బస్సు నెమ్మదించింది. నేను కిటికీకి మొహం ఆనించి చూశాను. మా నాన్న ఉంటే, కర్ర పెట్టిన చోట ఇప్పుడు ఓడలు పోతున్నాయని చెప్పేదాన్ని. కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "సంతోషమేనా?" అన్నాడు. తలూపాను.

పాత ఊరికి టాక్సీలో వెళ్ళాం. వెనక పెద్ద కొండ. దాని కింద పచ్చగడ్డి, గడ్డి నిండా ఎర్రటి గసగసాల పూలు. మధ్యలో గుడి స్తంభాలు ఏడు, లావుగా, ఒంటరిగా. టికెట్ల కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పిల్లల టికెట్టు వేరు, వయసు తెలిసే కార్డేదైనా చూపించండి అంది. పాస్‌పోర్టులు హోటల్ లాకర్లో పెట్టి వచ్చాం.

"డాడీ, నా ఇకామా ఇవ్వండి. దాని మీద డేట్ ఆఫ్ బర్త్ ఉంటుంది" అంది ఏంజెల్. మా కార్డులు ముగ్గురివీ ఆయన పర్సులోనే ఉంటాయి.

ఆయన పర్సు తీయలేదు. "పెద్ద టికెట్టే తీసుకుందాంలే."

"ఎందుకు? కార్డుందిగా."

"లేదు."

"ఇంట్లో పెట్టారా?"

ఆయనకి అప్పటికప్పుడు అబద్ధం అల్లడం రాదు. ముందుగా కూర్చుని ఆలోచించుకుంటేనే వస్తుంది. "ఎయిర్‌పోర్టులో తీసుకున్నారు" అన్నాడు.

ఎయిర్‌పోర్టులో ఇకామా ఎవరి దగ్గర తీసుకుంటారో నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది మా యూనిట్ నుంచి ఖాలిదా ఉద్యోగం మానేసి పూర్తిగా వెళ్ళిపోయింది. విమానం ఎక్కబోతూ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "కార్డు తీసేసుకున్నారు మణీ, ఇక నేనెవరో ఇక్కడ ఎవరికీ తెలీదు" అంది. ఫైనల్ ఎగ్జిట్ మీద పోయేవాళ్ళ దగ్గరే తీసుకుంటారు. మళ్ళీ రానివాళ్ళ దగ్గర.

"నా కార్డేది?" అన్నాను.

పర్సు తీసి ఇచ్చాడు. నాది ఉంది. దాని కింద ఆయనదీ ఉంది.

"ఏంజెల్‌కి ఫైనల్ ఎగ్జిట్ పెట్టారా?"

"లోపలికెళ్ళాక మాట్లాడుకుందాం మణీ. వెనక లైనుంది."

నిజంగానే మా వెనక జపాన్ వాళ్ళో, కొరియా వాళ్ళో పదిమంది ఉన్నారు. మూడు పెద్ద టికెట్లు తీసుకుని లోపలికి వెళ్ళాం.

*

మ్యూజియం పెద్దదేమీ కాదు. మట్టి కూజాలు, నేల మీద రంగురాళ్ళతో అతికిన బొమ్మలు, ముక్కులు విరిగిన తలలు. పక్కన చిన్న ముంగిలి ఉంది, అందులో తలలు లేని పాలరాతి విగ్రహాలు వరసగా నిలబెట్టారు. నేను వాటిని చూస్తూ నడిచాను గానీ ఏదీ కంటికి ఆనలేదు. ఏంజెల్ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఫైనల్ ఎగ్జిట్ అంటే నేను ఖోబర్ రాలేనా?"

"ఇకామా మీద రాలేవు."

"నీకు తెలుసా?"

"తెలీదు."

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. కన్నతల్లి చెప్పిన మాట నిజమా కాదా అని తూచుకుంటోంది. పదహారేళ్ళలో ఎప్పుడూ అలా చూడలేదు. ఆయన చేసిన పనుల్లో ఆ చూపు రప్పించడం ఒక్కటి నేను క్షమించలేను.

ముంగిలి పక్కన తాళం వేసిన గది ఒకటుంది. ఆయన వెళ్ళి అక్కడి గార్డుతో మాట్లాడాడు. ఆమె తాళంచెవి తెచ్చి తలుపు తీసింది. లోపల అద్దాల అరల్లో మట్టితో చేసిన చేతులు, కాళ్ళు, చెవులు, రొమ్ములు. మనిషి సైజువి. రెండు వేల ఏళ్ళ పైమాట. రోగం నయమైనవాళ్ళు, ఏ అవయవం బాగుపడిందో దాన్ని మట్టితో చేయించి వైద్య దేవుడి గుడిలో వదిలి వెళ్ళేవారని గార్డు ఇంగ్లీషులో చెప్పింది.

మా యూనిట్‌లో రోజూ నేను పట్టుకునేవి చేతులే. డయాలసిస్‌కి రక్తం తీసే చేతి మీద రెండు వేళ్ళు పెడితే లోపల నరం తుమ్మెదలా మోగుతుంది. మోగితే రక్తం ఎక్కించి శుభ్రం చేయొచ్చు, మనిషికి ఇంకో రెండు రోజుల ఊపిరి. ఆ అరలో ఒక చెయ్యి ఉంది, మోచేతి దాకా. అద్దం లేకపోతే వేళ్ళు పెట్టి చూసేదాన్ని.

"ఈ గది నీకోసమే కనుక్కున్నాను. మామూలుగా తెరవరట. నర్సువి కదా, నీకు నచ్చుతుందని ముందే మెయిల్ పెట్టాను" అన్నాడు ఆయన వెనకనుంచి.

నేను తిరగలేదు. "ఇంకా ఏమేం చేశారు?" అన్నాను.

ఆయన చెప్పాడు. గొంతు తగ్గించి, ఆఫీసులో పని అప్పగించే మనిషిలా ఒక్కొక్కటీ చెప్పాడు. గుంటూరులో పేరున్న కాలేజీలో సీటు తీసుకున్నాడు. కాలేజీ దగ్గర్లో ఫ్లాటు చూసి పెట్టాడు. స్కూల్లో టీసీ తీసుకున్నాడు. ఏంజెల్ అక్కడ ఇంటర్ రెండేళ్ళు చదవాలి, నేను దానితో ఉండాలి.

"నా ఉద్యోగం?"

"అక్కడికెళ్ళాక మెయిల్ పెడితే సరిపోతుంది. రిజిగ్నేషన్ లెటర్ నేనే టైప్ చేశాను. నీ మెయిల్లో డ్రాఫ్ట్‌లో ఉంది. నువ్వు పంపించడమే."

"నాకెప్పుడు చెప్దామనుకున్నారు?"

"ఇక్కడే. నీకిష్టమైన ఊరు చూశాక, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడు చెప్దామనుకున్నా. ఖోబర్‌లో చెప్తే గొడవ చేస్తావు. మణీ, మనవాళ్ళు అందరూ చేసేదే ఇది. పదో తరగతి అవ్వగానే తల్లీ పిల్లలూ వెళ్తారు. నేనేం కొత్తగా చేశానని?"

గార్డు తాళంచెవి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తెలుగు రాకపోయినా ఆమెకి అర్థమైంది. మొహం పక్కకి తిప్పుకుంది.

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనిపించలేదు. రెండు చేతులూ చంకల కింద పెట్టుకుని బయటికి వచ్చేశాను.

*

శిథిలాల మధ్యలో రాతి వేదిక ఒకటుంది. ఊరి అధికారి దాని మీద కూర్చుని తగవులు విని తీర్పు చెప్పేవాడట. పౌలు భక్తుణ్ణి కూడా అక్కడే నిలబెట్టారని బోర్డు మీద రాశారు. ఏంజెల్ ఆ వేదిక ముందు గడ్డిలో కూర్చుని ఉంది. ఆయన దాని దగ్గరికి వెళ్ళాడు. నేను రెండడుగుల వెనక ఆగాను.

"ఎండలో కూర్చోకమ్మా."

"నన్నెందుకు అడగలేదు?" అంది అది. అరవలేదు. మామూలుగా అడిగింది.

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్నో లేదో మీకెలా తెలుసు? పిన్ని దగ్గర ఉండొచ్చంటే వెళ్ళేదాన్నేమో. అడిగి చూశారా?"

"నీ మంచికే గదా తల్లీ. ఆ హిస్టరీ చదివి ఏం చేస్తావు?"

"అందరికీ నెల తర్వాత వస్తానని చెప్పి వచ్చాను డాడీ. నస్రీన్ ఆంటీ వాళ్ళ సనాకి నా పెయింట్లన్నీ ఇచ్చి జాగ్రత్తగా పెట్టమన్నాను. ఎవ్వరికీ బై చెప్పలేదు. తొమ్మిదేళ్ళు ఆ స్కూల్లో ఉన్నాను, ఒక్కళ్ళకి కూడా చెప్పలేదు."

అలాంటివి ఉంటాయని కూడా ఆయనకి తట్టలేదనుకుంటాను. "ఫోన్లో చెప్పొచ్చుగా" అన్నాడు.

ఏంజెల్ లేచి, డ్రెస్సుకంటిన గడ్డి దులుపుకుని నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, మనం మిగతాది చూద్దాం పద" అంది. ఆ రోజు దాని మొహం చూసి నాకు భయమేసింది. కోపం వస్తే తలుపులు విసిరికొట్టే పిల్ల అది. అంత నెమ్మదిగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మిగతాదంతా చూశాం. నీళ్ళ బావులు, కొట్ల గోడలు, రాళ్ళు పరిచిన పాత రోడ్డు. అది బోర్డులన్నీ ఆగి చదివింది. స్తంభాల కింద నన్ను నిలబెట్టి మూడు ఫొటోలు తీసింది. ఆయన మా వెనక పది అడుగుల దూరంలో నీళ్ళ సీసాలు మోసుకుంటూ నడిచాడు. ఏథెన్స్‌లో మిగిలిన రెండు రోజులూ అలాగే నడిచాడు. కొండ మీది గుడి, దాని కింద మ్యూజియం, అన్నీ మేమిద్దరమే మాట్లాడుకుంటూ చూశాం. హోటల్లో ఒకే గది. ముగ్గురం ఒకరి పక్కన ఒకరు పళ్ళు తోముకున్నాం.

*

గుంటూరు కాలేజీకి మే మొదట్లో వెళ్ళాం, నేను, ఏంజెల్, మా చెల్లెలు. చూడకుండా కాదనకూడదని ఏంజెలే అంది. ఐదంతస్తుల భవనం. కిటికీలకి బయటినుంచి ఇనప వల కొట్టారు. ఆఫీసులో ఒకతను మర్యాదగా కుర్చీలు చూపించి, ఉదయం ఐదున్నరకి స్టడీ అవర్ మొదలవుతుందని, ఫోను ఉండకూడదని, నెలకొక ఆదివారమే సెలవని చెప్పి ఫైలు తీశాడు. "ఫాదర్‌గారు అన్నీ స్కాన్ చేసి పంపారు మేడమ్. మీ సంతకం ఒక్కటే బ్యాలెన్సు."

ఫారం ఆయన చేతిరాతలో ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఏంజెల్ ముందు చదివింది. ఒకచోట వేలు పెట్టి నావైపు జరిపింది.

తల్లి వృత్తి అన్న చోట గృహిణి అని ఉంది.

నేను దాన్ని రెండుసార్లు చదివాను. పదకొండేళ్ళుగా ఆయనకి నా డ్యూటీ టైములు కంఠతా వచ్చు. ఇల్లు నడవడానికి నా డ్యూటీ కావాలి. నైట్ డ్యూటీ చేసి వస్తే టీ పెట్టి ఇచ్చేవాడు కూడా. కాయితం మీదికి వచ్చేసరికి అదంతా పోయింది.

"పెన్ను ఇమ్మంటారా మేడమ్?" అన్నాడతను.

"వద్దు" అన్నాను. "మేం చేరడం లేదు."

మెట్లు దిగుతుంటే ఏంజెల్ నవ్వింది. గ్రీసు తర్వాత అదే మొదటిసారి. ఆ వారమే అది బాపట్లలో మా చెల్లెలింటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న కాలేజీలో, తనకి కావలసిన గ్రూపులో పేరు రాయించుకుంది. జూన్ రెండో వారంలో నా వీసా గడువు దగ్గరపడింది. ఉండిపోతానని అన్నాను. నిజంగానే అనుకున్నాను. పిల్లని వదిలి ఎలా వెళ్తాను?

ఏంజెల్ ఉతికిన బట్టలు మడత పెడుతోంది. తల ఎత్తకుండా అంది. "నువ్వెళ్ళమ్మా. నువ్వు మానేస్తే ఆయన అనుకున్నట్టే అయిపోతుంది. నాకిక్కడ పిన్ని ఉంది."

"నీకు నేను అక్కర్లేదా?"

"కావాలి. కానీ ఇలా కాదు" అంది.

మెయిల్లో ఆయన రాసి పెట్టిన లెటరు తెరిచి చూశాను. కుటుంబ కారణాల వల్ల అని మొదలైంది. ఇంగ్లీషు బాగుంది. నొక్కి తీసేశాను. దాన్ని పూర్తిగా పోగొట్టడానికి ఇంకోసారి నొక్కాలి. అదీ నొక్కాను.

*

దమ్మామ్‌లో దిగేసరికి బయట గాలి పొయ్యి మూత తీసినట్టుంది. ఆయన వచ్చాడు. నా పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు. ఫ్లాట్ శుభ్రంగా ఉంది. పప్పు వండి పెట్టాడు. నేను లోపలి గదిలోకి వెళ్ళి యూనిఫాంలు, సర్టిఫికెట్లు, నాన్న ఫొటో ఇంకో పెట్టెలో సర్దాను.

"ఏం చేస్తున్నావు?"

"ఆసుపత్రి హాస్టల్లో బెడ్ అడిగాను. ఇచ్చారు."

"పిల్లనక్కడ వదిలేసి, నన్నిక్కడ వదిలేసి హాస్టల్లో ఉంటావా? దాని చదువెవరు చూస్తారు?"

"ఎవరో ఒకరు దగ్గరుండాలన్నారుగా. మీరు వెళ్ళండి."

"నేనా? నా ఉద్యోగం?"

"రిజిగ్నేషన్ లెటర్ నేను టైప్ చేసి పెడతాను" అన్నాను.

ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. ఆ మొహం చూస్తే జాలి కలగాలి. కలగలేదు. కలగనందుకు తర్వాత కొన్నాళ్ళు ప్రార్థనలో కూడా ఆయన పేరు దగ్గర ఆగిపోయేదాన్ని.

జూలైలో పీరయ్య అన్నయ్య వచ్చాడు. చీరాల మనిషి. దమ్మామ్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఉన్నాడు. మనవాళ్ళలో మొగుడూ పెళ్ళాల మధ్య మాటొస్తే ఆయన్నే పిలుస్తారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఆయన్ని వెంటబెట్టుకుని హాస్టల్ కింద విజిటర్ల గదికి వచ్చాడు. నాకు రెండింటికి డ్యూటీ. యూనిఫాంలోనే దిగాను. మా ఆయన సన్నబడ్డాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

"ఏందమ్మా ఇది, మూడు చోట్ల ముగ్గురు" అన్నాడు పీరయ్య అన్నయ్య. "వాడు తప్పు చేశాడు. నేను గెడ్డి పెట్టాను. ఒప్పుకున్నాడు. ఇంక ఎన్నాళ్ళమ్మా?"

"నాతో చెప్పమనండి అన్నయ్యా."

మా ఆయన నేలకేసి చూస్తూ, "తప్పయింది మణీ. నిన్ను అడగాల్సింది" అన్నాడు.

ఆ మాట కోసం నేను మూడు నెలలుగా చూస్తున్నాను. విన్నాక లోపల ఏదో కదిలింది కూడా. మనిషి మెత్తబడే క్షణం అదే. నాకు తెలుసు. నేను మెత్తబడితే అందరం సాయంత్రానికి అల్ అజీజియా వెళ్ళి అన్నం తింటాం, బాపట్లలో ఒక పిల్లకి జరిగింది అక్కడితో అందరూ మర్చిపోతారు.

"నాకు చెప్పారు. సరే. దానికి కూడా చెప్పండి" అన్నాను. "స్టాంపు దాని పాస్‌పోర్టు మీద పడింది."

"చెప్తాడమ్మా, ఎందుకు చెప్పడు" అన్నాడు పీరయ్య అన్నయ్య.

నేను ఏంజెల్‌కి ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాను. రెండు రింగులకే ఎత్తింది.

"అమ్మా?"

"నేనమ్మా, డాడీని" అన్నాడు ఆయన. గొంతు సవరించుకున్నాడు. "భోంచేశావా?"

"తిన్నాను."

"కాలేజీ ఎట్లా ఉంది?"

"బావుంది."

"వర్షాలు పడుతున్నాయా అక్కడ?"

"పడుతున్నాయి."

పీరయ్య అన్నయ్య ఆయన మోచేతిని మెల్లగా తట్టాడు. ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. నాకు ఆ పెదాలు కదలడం కనిపించింది. "జాగ్రత్తగా చదువుకో. పిన్ని మాట విను" అన్నాడు. తర్వాత ఫోన్‌ని నావైపు జరిపాడు.

నేను ఫోన్ తీసుకోలేదు. బల్ల మీద అలాగే ఉంది. అవతల వాన చప్పుడు, ఎవరో గేటు వేసిన చప్పుడు వినిపిస్తున్నాయి. కూతురితో తప్పయిందనడానికి తండ్రికి ఎంత సేపు పడుతుందో అంతసేపూ ఎదురుచూడ్డానికి నేను సిద్ధంగా ఉన్నాను. డ్యూటీకి ఇరవై నిమిషాలుంది.

"అమ్మా, ఉన్నావా?" అంది ఏంజెల్.

"ఉన్నాను."

"డాడీ ఫోన్ ఎందుకు చేశారు?"

"ఊరికే."

అది కొరింథులో మాట్లాడినంత నెమ్మదిగా అడిగింది.

"ఊరికే చెయ్యరు కదా. ఈసారి ఏం నిర్ణయించారట?"

పీరయ్య అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు. మా ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌నే చూస్తున్నాడు. ఆయనకి ఇంకా అవకాశం ఉంది. ఫోన్ తెరిచే ఉంది. దాని మీద సెకన్లు నడుస్తున్నాయి. ఆయన తరఫున జవాబులు చెప్పడం నేను మానేశాను.

రెండింటికి ఐదు నిమిషాలుండగా లేచాను. "తర్వాత చేస్తాను నాన్నా" అని ఏంజెల్‌కి చెప్పి, ఫోన్ తీసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాను.